సెషన్ గుర్తుంటే చాలదు, ఫైలు సేవ్ కావాలి

ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు ఒకేసారి ఎనిమిది, పది ఫైళ్లు తెరిచి పనిచేస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరే అయితే, అన్న లేచాక చెల్లెలు కూర్చుంటుంది. మళ్లీ ఎవరి ఫైళ్లు వాళ్లు వెదుక్కోవడంతోనే అరగంట గడుస్తుంది. తెరిచిన ఫైళ్ల జాబితాను దాచిపెట్టి, అడిగినప్పుడు తిరిగి తెరిచే సదుపాయాన్ని సెషన్ అంటారు. 2003 నుంచి ఉచితంగా దొరుకుతున్న నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో దీన్ని ఎలా అమర్చుకోవాలో చెబుతాను.

ఈ ఎడిటర్ తనంతట తాను చివరి సెషన్ ఒక్కటే గుర్తుంచుకుంటుంది. ఇద్దరికీ వేర్వేరుగా కావాలంటే సెషన్ మేనేజర్ అనే ప్లగిన్ పెట్టుకోవచ్చు. ప్లగిన్స్ మెనూలో ప్లగిన్స్ అడ్మిన్ తెరిచి, ఆ పేరుకు టిక్కు పెట్టి ఇన్‌స్టాల్ నొక్కండి. ఆ తరువాత ఎవరి పేరుతో వారు సెషన్ సేవ్ చేసుకోవచ్చు. (విండోస్‌లో ఇద్దరికీ వేరువేరు లాగిన్లు ఉంటే ఇంత శ్రమ అక్కరలేదు.)

ఇక్కడ ఒక చిక్కుంది. ఎడిటర్ తెరవగానే ప్లగినే సెషన్ తెచ్చిపెట్టాలంటే, ప్రిఫరెన్సెస్‌లోని బ్యాకప్ పేజీలో "రిమెంబర్ కరెంట్ సెషన్" టిక్కు తీసేయాలి. లేకపోతే రెండూ పోటీ పడతాయి. కానీ ఆ టిక్కు తీస్తే దానికింద ఉన్న స్నాప్‌షాట్ కూడా ఆగిపోతుంది. మీరు సేవ్ చేయని రాతను మామూలుగా ప్రతి 7 సెకన్లకు ఒకసారి విడిగా దాచేది ఆ స్నాప్‌షాటే. మధ్యలో కరెంటు పోతే సాయంత్రమంతా టైపు చేసిన ప్రాజెక్టు పోతుంది. అందువల్ల నేను ఆ టిక్కు ఉంచమనే చెబుతాను. ప్లగిన్‌లో ఆటోమేటిక్‌గా తెరిచే అమరికను ఆపి, సెషన్‌ను మెనూ నుంచి చేత్తో తెరుచుకోండి. రెండు క్లిక్కుల పని.

సెషన్ ఫైలును ఎడిటర్‌లోనే తెరిచి చూడండి. అందులో ఫైళ్ల పేర్లు, అవి ఉన్న డ్రైవు, ఫోల్డరు, కర్సర్ ఉన్న చోటు కనిపిస్తాయి. మీరు రాసిన ప్రోగ్రాము అందులో ఉండదు. ఒక్క సెషన్ ఫైలునే పెన్‌డ్రైవులో వేసుకుని కాలేజీ ల్యాబుకు వెళితే ఏమీ తెరుచుకోదు. ప్రోగ్రాము ఫైళ్లు కూడా తీసుకెళ్లాలి. అప్పుడు కూడా ఇంట్లో ఇ డ్రైవుగా కనిపించిన పెన్‌డ్రైవు ల్యాబులో ఎఫ్ అయితే, సెషన్ ఫైలులో ఆ అక్షరాన్ని అన్ని వరుసల్లోనూ మార్చి సేవ్ చేశాకే తెరవాలి.