గ్లాసులో మద్దిముక్క

మదీనాగూడ,
మే నెలాఖరు.

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు బెంగళూరు వెళ్లాక మొన్న నీ సైటుకెళ్లి మేడెక్కి చూశాను. పందిరి దూలాలు బాగా కుదిరాయి. కానీ వాటి కింద గోడ పొడుగునా సీసం రేకు పరిపించావు. ఎక్స్‌రే గది పనిలో మిగిలిన రేకట, మేస్త్రి చెప్పాడు. దూలం మీద చెయ్యి వేస్తే చల్లగా, చెమ్మగా తగిలింది. పచ్చి మద్ది. ఫోన్లో చెబితే మరిచిపోతావని రాస్తున్నాను.

నా కథ విను. ఒకప్పుడు మియాపూర్‌లో ఓ ఇంటికి పచ్చి తుమ్మ దూలాలెత్తి మామూలు ఇనుప మేకులు కొట్టాను. తొలి వానకే తెల్లగోడ మీద డికాషన్ చారలు, మేకు మేకు చుట్టూ కాటుక మరకలు. ఇంటాయన పల్లెత్తు మాట అనలేదు, వేలెత్తి చూపించాడంతే. నా డబ్బుతో మళ్లీ రంగు వేయించాను. అదంతా కర్రలోని వగరు చేసిన పనే. తుమ్మ బెరడుతో తోళ్లు పదును చేసేది ఆ వగరుతోనే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుప తుక్కు, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే నల్లగీత తేలేదీ అందుకే. వగరు, ఇనుము కలిస్తే సిరాయే.

సీసం తీరు వేరు. గాలి తగిలి దాని మీద కట్టే బూడిదరంగు పొరే దానికి కవచం. పచ్చికర్రలోని పులుపు, వగరు ఆ కవచాన్ని తినేస్తాయి. పూర్వం సీసాన్ని వెనిగర్ ఆవిరిలో ఉంచే తెల్లరంగు తీసేవారు. దూలం రేకుకు ఆనుకుని గాలాడని చోట జరిగేది ఆ పనే. తెల్లపొడి రాలుతుంది, రేకు గుంటలు పడుతుంది. ఇంగ్లండులో పచ్చి ఓక్‌తో ఇళ్లు కట్టేవాళ్లకు ఇది పాత తలనొప్పే. పైగా సీసం విషం. ఆ మేడ నీళ్లు నేరుగా ఇంకుడుగుంతలోకే కదా పోయేది?

అందుకని ముందు ఆ రేకు తీయించి, రంగు పూత ఉన్న అల్యూమినియం వేయించు. ఇంటివాళ్లు సీసమే కావాలని పట్టుబడితే, కర్ర ఎండేదాకా ఆగు. కొత్తగా కోసిన కర్రలో తేమ 30 శాతం పైనే ఉంటుంది. ఎండినంత మాత్రాన వగరు పోదు, కారడం తగ్గుతుందంతే. రేకుకు తారు పెయింటు రెండు పూతలు దట్టంగా వేయించి, పైన తారు ఫెల్టు పరిపించు. మెరుపు కోసం పూసే నూనెలు ఈ పులుపును ఆపలేవు. కర్రకూ రేకుకూ మధ్య గాలాడే సందు వదులు. ఆ సందును సిలికాన్‌తో పూడ్చావో, తేమను మూటగట్టి పెట్టినట్టే. దూలం చివర అడుగున అడ్డంగా గాడి కొట్టిస్తే నీళ్లు వెనక్కి పాకకుండా అక్కడే చుక్కలుగా రాలతాయి. ఆ చుక్క రేకుకు అవతల పడేలా దూలాన్ని ముందుకు చాపు. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే.

వస్తూ వస్తూ బెరడు అంటిన మద్దిముక్క ఒకటి తెచ్చి గాజు గ్లాసులో నానేశాను. తెల్లారేసరికి నీళ్లు టీ రంగుకు తిరిగాయి. తుప్పుపట్టిన మేకు ఒకటి వేశాను. సాయంత్రానికి సిరా. గ్లాసు కిటికీలోనే ఉంచాను, వచ్చినప్పుడు చూద్దువుగాని. వానలకు ముందే రా.

మీ అన్నయ్య