పొదుపు పుస్తకంతో పాటు

నాయనా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజీ మీ అమ్మ ఫోన్లో మూడుసార్లు విన్నా. రేటు తగ్గించారని పదిహేనుమంది డెలివరీ పిల్లలు రెండు రోజులు యాప్ ఆపేసి కూర్చున్నారు. మూడోరోజుకు నీ ఐడీ బ్లాకయింది. మిగతావాళ్ళు మళ్ళీ బండ్లెక్కారు. ‘ఊరికోసం పోయేవాడు పిచ్చోడవ్వా’ అన్నావు చివర్లో. ఆ మాటకే ఈ ఉత్తరం. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

త్యాగమంటే నీకు పొట్టి శ్రీరాములు గారి బొమ్మ కళ్ళముందుకొస్తుందేమో. మన నెల్లూరు జిల్లాకు పేరే ఆయనది. 58 రోజులు అన్నం మానేసి ప్రాణమిచ్చిన మనిషి. అంతటివాళ్ళకు దణ్ణం పెడతాం గానీ, మన బతుక్కి ఆ కొలత ఎట్టా సరిపోద్ది? నేను చూసిన త్యాగం చిన్నది. కూలి పోవడం, ఇంట్లో దెబ్బలు తినడం, పిల్లలకు పొద్దుపోయాక వండిపెట్టడం.

1991, 92ల్లో మన జిల్లాలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే రాత్రిబడులు నడిచాయి. నేను ఏడో తరగతి చదివానని నన్ను వలంటీరును చేశారు. లాంతరు చుట్టూ కూర్చున్న పదకొండు మంది ఆడవాళ్ళకు వాచకంలోని సీతమ్మ కథ చదివి చెప్పేదాన్ని. తాగుడుతో చితికిపోయిన ఇంటి కథ. పాఠం అయిపోయినా ఎవరూ లేవలేదు. అది మా ఇంటి సంగతే కదా అంటూ ఒకామె మొదలుపెట్టింది. ఆ రాత్రి అక్షరాలు సాగలేదు, మాటలే సాగాయి.

కలిగిరి మండలంలోని దూబగుంటలో అప్పటికే రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. వాళ్ళ కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠమై మళ్ళీ రాత్రిబళ్ళకే వచ్చింది. చదువుకున్నది చేశారు, చేసింది ఇంకొకరు చదువుకున్నారు. ఏ పార్టీవాళ్ళూ అప్పటికింకా మా ఊరి మొహం చూడలేదు.

ఎదురుగా ఉన్నదెవరో కూడా తెలుసుకో. ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టి సర్కారే సారాను ప్యాకెట్లలో పోయించి అమ్మించింది. 1970ల మొదట్లో 40 కోట్లన్నా లేని ఎక్సైజు రాబడి, 1991-92కి 800 కోట్లు దాటింది. కుండ నీళ్ళకు నడిచిపోవాలి, సారా మాత్రం మగాడు కూర్చున్న రచ్చబండ దాకా వచ్చేది. అంత డబ్బు మీద చెయ్యి వేస్తే ఊరుకుంటారా? పోలీసులొచ్చారు, కాంట్రాక్టరు మనుషులొచ్చారు. అయినా మన జిల్లాలో సారా వేలంపాటలు ఎన్నిసార్లు పెట్టినా వాయిదా పడుతూనే పోయాయి.

మా ఊళ్ళో సారా అంగడి ముందు తొలిరోజు నలభై మంది కూర్చున్నారు. మూడోరోజుకు సగం లేరు. మొగుళ్ళు తన్నారు, నాట్ల కూలి పోతోంది. నాకు ఒళ్ళు మండి వాళ్ళను నానా మాటలూ అన్నాను. అది నా తప్పు. వారం తిరక్కముందే ఆ వెళ్ళిపోయినవాళ్ళే కారప్పొడి పట్టుకుని ముందు నిలబడ్డారు. ఎందుకంటే మధ్యలో ఒక ముసలామె ఏర్పాటు చేసింది: ఇవాళ అంగడి దగ్గర కూర్చునేవాళ్ళ పిల్లలకు కూలికి పోయినవాళ్ళు వండాలి, రేపు వీళ్ళు వాళ్ళకు వండాలి. ఉద్యమం నిలిచింది నినాదాలతో కాదురా, ఆ పొయ్యిలతో. బండ్లెక్కినవాళ్ళను తిట్టకు. ఈఎంఐ నీకే కాదు, వాళ్ళకూ ఉంది.

ఆ రోజుల్లోనే మీ తాత నన్ను ఒక రాత్రంతా అరుగు మీద పడుకోబెట్టాడు. తర్వాత మారిపోయాడని రాస్తే బాగుంటుంది గానీ మారలేదు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా ఆగింది. ఆయన బ్రాందీకి మళ్ళాడు. 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ వార్త రేడియోలో విన్నరోజు నేనూ నీ మాదిరే అనుకున్నా, ఎవరికోసం పడ్డాం ఇదంతా అని. కానీ ఆ మధ్య రెండేళ్ళలోనే మీ అమ్మ పదో తరగతి పరీక్ష రాసింది. ఫీజు తాత జేబులోంచే తీశాను. గెలిచింది మళ్ళీ లాగేసుకుంటారు, నిజమే. అంతలోపల చేతికందిన ఒక పిల్ల చదువును మాత్రం ఏ జీవోతో వెనక్కి తీసుకుంటారు?

ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. యాప్ ఆపేముందు మీ పదిహేనుమంది దగ్గర నాలుగు రోజుల గ్రాసానికి సరిపడా డబ్బుందా? లేకపోతే అది పోరాటం కాదు, పస్తు. సారా గొడవయ్యాక మన నెల్లూరు ఆడవాళ్ళు ‘పొదుపు లక్ష్మి’ అని రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. బ్యాంకు గుమ్మం ఎక్కని మనుషులు అప్పులు ఇచ్చిపుచ్చుకునేదాకా వచ్చారు. మళ్ళీ లాగవుట్ అయ్యేముందు మీరూ ఒక డబ్బా పెట్టుకోండి. లెక్క రాసేవాడు నువ్వు కాకుండా ఇంకొకడు ఉండాలి, అనుమానాలు రాకుండా.

మా పొదుపు గుంపు పుస్తకం రేపు బస్సులో పంపిస్తున్నా. మొదటి పేజీలో పదకొండు పేర్లకు నాలుగు వేలిముద్రలు కనపడతాయి. ఆరో పేజీకొచ్చేసరికి ఒక్కటే ఉంటుంది, ఆమెకు చూపు తక్కువ. అదే సంచిలో దోసావకాయ సీసా పెట్టాను, మూత వదులుగా ఉంది, నిలబెట్టి తీసుకో. ఐడీ సంగతి తేలేదాకా బండి కిస్తీకి ఎంత తక్కువైందో అమ్మతో కాదు, నాతో చెప్పు.

మీ అవ్వ