డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌లోనే ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చబోతున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు మందుల సంగతి చూడండి. ఆసుపత్రిలో రాసిన బీపీ మాత్ర, ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలో మరో కంపెనీ పేరుతో ఉండవచ్చు. రెండింటిలోనూ ఉన్న మందు ఒకటే కావచ్చు, ఉదాహరణకు ఆమ్లోడిపిన్. కేంద్రంలో రెండూ వేస్తే బీపీ పడిపోయి, ఆయన మళ్లీ కింద పడే ప్రమాదం ఉంది. కొత్తగా మొదలుపెట్టినవి, మోతాదు మార్చినవి, ఆపేసినవి విడివిడిగా రాయించండి. ఆపేసినవి రాయడం చాలాసార్లు మరిచిపోతారు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ తేదీ వరకు వాడాలో కూడా ఉండాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతుంటే, వారానికి ఒక్కసారే అని, ఏ రోజో పెద్ద అక్షరాలతో రాయించండి. రోజూ వేస్తే ప్రాణాపాయం.

ఆ కాగితం వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. వార్డు నర్సుచేత కేంద్రం నర్సుతో ఫోన్‌లో మాట్లాడించండి. చివరి మోతాదు ఎన్ని గంటలకు ఇచ్చారు, ఆపరేషన్ అయిన కాలిమీద ఎంత బరువు మోపవచ్చు, కుట్లు ఎప్పుడు తీయాలి అన్నవి అప్పుడే తేలతాయి.

కళ్లజోడు, వినికిడి యంత్రం వార్డు సొరుగులో ఉండిపోకుండా చూడండి. అవి లేక జవాబు చెప్పలేని పెద్దలకు మతి తప్పిందనుకోవడం నేను చూశాను. వీలైతే శనివారం సాయంత్రం డిశ్చార్జి వద్దనండి; సందేహం వస్తే అడగడానికి డాక్టరు దొరకరు.