బొమ్మ మీద బొమ్మ పడితే...

ప్రశ్న: పాత పెంటాక్స్ కె1000లో తీసిన రోల్ కడిగిస్తే కొన్ని ఫొటోలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కెమెరా పాడైందా?

జవాబు: ముందు నెగెటివ్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. పక్కపక్క ఫ్రేములు కొంతమేర ఒకదానిపైకి ఒకటి ఎక్కితే ఫిల్మ్ సరిగా జరగలేదన్నమాట. చివర్లో లీవర్‌ను బలవంతంగా లాగితే అంచు చిల్లులు చిరిగి ఇలా అవుతుంది. రోల్ పొడవునా రెండేసి బొమ్మలుంటే వాడిన రోల్‌నే మళ్లీ ఎక్కించి ఉంటారు.

కలిసిన బొమ్మలను విడదీయలేం.

ఈసారి ఫిల్మ్ ఎక్కించాక రివైండ్ నాబ్‌ను మెల్లగా తిప్పి వదులు తీసేయండి. లీవర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ తిరగాలి. మొదట్లోనే తిరగకపోతే మూత తెరిచి ఫిల్మ్ కొసను మళ్లీ దూర్చండి. రోల్ అయ్యాక కొస పూర్తిగా డబ్బాలోకి పోయేదాకా చుట్టండి.

కొత్త రోల్‌లోనూ ఫ్రేములు కలిస్తే, నెగెటివ్‌లతో సహా కెమెరాను మెకానిక్‌కు చూపించండి.