పరిచర్య నుండి దంతవైద్యానికి

చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నాయని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు. ఒక్కొక్క పాదానికి మళ్లీ నాలుగేసి గుణాలను పేర్కొన్నారు. శాస్త్రజ్ఞానం, చికిత్సను అనేక పర్యాయాలు ప్రత్యక్షంగా చూసిన అనుభవం, దక్షత, శుచిత్వం వైద్యునికి ఉండవలసిన గుణాలు. ఉపచార విధానం తెలిసి ఉండటం, దక్షత, రోగి పట్ల అనురాగం, శుచిత్వం పరిచారకునికి ఉండవలసినవి. దక్షత, శుచిత్వం అనే రెండు గుణాలు ఇద్దరికీ సమానమేనని గమనించండి. ఈ విషయాన్ని నేను తరగతిలో చాలాసార్లు చెప్పాను. అయితే దీని ప్రయోజనం ఏమిటో ఒక పూర్వవిద్యార్థిని మా ఇంటికి వచ్చి కూర్చునేవరకు నాకు పూర్తిగా బోధపడలేదు.

ఆమె పదేళ్ల కిందట మా కళాశాలలో బైపీసీ చదివింది. కడప జిల్లాలో మెట్టసేద్యం చేసుకొనే కుటుంబం. వేరుశనగ పండితే పండినట్లు, లేకుంటే లేదు. ఎంసెట్‌లో వైద్యవిద్యకు చాలినంత ర్యాంకు రాలేదు. అప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తే, “నర్సింగులో చేరమ్మా, అక్కడినుంచి మెల్లగా డాక్టరు చదువుకు పోవచ్చు” అని చెప్పాను. ఆ మాటను ఏ ఆధారంతో చెప్పానో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె నాలుగేళ్ల బి.యస్సి. నర్సింగు పూర్తి చేసి, ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నది. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. కర్నూలుకు వచ్చి, మా వరండాలో కూర్చొని, “సార్, నాకు పళ్ల డాక్టరు చదవల్లని ఉంది. నర్సింగు చేసినోళ్లకు దారి ఉంటాదని అప్పుడు మీరే చెప్పినారు” అన్నది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం తలెత్తి చూడటం కష్టమైంది.

దంతవైద్యమే ఎందుకని అడిగాను. గ్రామాలలో జరిగే ఆరోగ్య శిబిరాలకు వెళ్లినప్పుడు, నవ్వవలసి వస్తే చేతిని నోటికి అడ్డం పెట్టుకొనే ఆడపిల్లలను ఆమె చూసింది. నోరు తెరవమంటే తెరవరు. తెరిస్తే ముందరి పళ్ల మీద గోధుమరంగు చారలు, గుంటలు. ఊళ్లో వాటిని గారపళ్లు అంటారు, బాగా తోమకపోవడం వల్ల వచ్చాయని పిల్లలనే దండిస్తారు. తాను జ్వరానికి మాత్ర ఇవ్వగలదు, గాయానికి కట్టు కట్టగలదు. ఆ పళ్ల విషయంలో మాత్రం తన చేతిలో ఏమీ లేదు. ఆమె కోరికకు మూలం ఇదే.

ఈ చారలకు కారణం పిల్లల అశ్రద్ధ కాదు, నీళ్లు. రాయలసీమలో చాలాచోట్ల భూమి కింద గ్రానైటు జాతి శిలలు ఉన్నాయి. వాటిలోని ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలు భూగర్భజలంలో కరుగుతాయి. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయేకొద్దీ, శిలల మధ్య చిరకాలం నిలిచిన నీరే మనకు అందుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిదని, మరో దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీటిని చిన్నతనంలో తాగితే, చిగురు లోపల పన్ను రూపొందుతున్న దశలోనే ఎనామిల్ అనే పింగాణీ పొర దెబ్బతింటుంది. సుమారు ఎనిమిదేళ్లలోపే ఆ హాని జరిగిపోతుంది. ముందరి పళ్లు మచ్చతోనే పైకి వస్తాయి. ఎంత తోమినా ఆ మచ్చ పోదు. భారతదేశంలో ఈ వ్యాధిని 1937లో తొలిసారి గుర్తించింది మన తెలుగునాటనే. నాటి నెల్లూరు జిల్లాలో చేరి ఉండి, తరువాత ప్రకాశం జిల్లాలో కలిసిన గ్రామాలలో అది బయటపడింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దంతవైద్యుడు ఆ మచ్చను పైపైన అరగదీయవచ్చు, పంటిరంగు పూత వేయవచ్చు, తొడుగు బిగించవచ్చు. ఆ బిడ్డ ధైర్యంగా నవ్వగలుగుతుంది, అది చిన్న విషయం కాదు. కాని తరువాత పుట్టే చెల్లెలికి మచ్చ రాకుండా ఆపేది మంచినీరే. నర్సు వృత్తికి ఆధునిక రూపం ఇచ్చి, 1860లో లండనులో శిక్షణాలయాన్ని నెలకొల్పిన ఫ్లారెన్స్ నైటింగేల్ మన దేశానికి ఎన్నడూ రాలేదు. అయినా 1876-78 నాటి దారుణ క్షామం మద్రాసు రాజధానిని పీడించినప్పుడు, సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపి, కాలువలు తవ్వించాలని ఆమె పాలకులతో వాదించింది. కర్నూలు, కడప జిల్లాలు ఆ క్షామంలో నలిగిపోయిన ప్రాంతాలు. రోగానికి మూలం నీటిలోనో, నీరు లేకపోవడంలోనో ఉన్నప్పుడు మంచం పక్కన నిలబడితే చాలదని తెలిసిన నర్సు ఆమె. ఈ కథ చెప్పి, “నర్సుగా ఉండి కూడా నీవు ఊరి నీటిని పరీక్ష చేయించవచ్చు కదమ్మా?” అన్నాను. ఆమె కొంచెంసేపు మౌనంగా ఉండి, “అది కూడా చేస్తాను సార్. కానీ ఇప్పుడు నా ముందర కూచున్న పాపకు ఏం చెప్పల్ల?” అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

అది మొదలు మేమిద్దరం నియమాలను శ్రద్ధగా చదివాము. మొట్టమొదట తేలింది నా పాత సలహా తప్పు అని. నర్సింగు పట్టా ఉన్నంత మాత్రాన దంతవైద్య కోర్సులో రెండవ సంవత్సరంలో చేరే వీలు లేదు. ఒక్క పరీక్ష నుండి కూడా మినహాయింపు లేదు. ఇంటర్మీడియట్ విద్యార్థి ఎక్కడ మొదలుపెడతాడో ఆమె కూడా అక్కడే మొదలుపెట్టాలి. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత ఆమెకు ఉన్నది. ఇతర గ్రూపులతో జి.యన్.యం. నర్సింగులో చేరినవారికి ఆ మెట్టు కూడా ఎక్కవలసి ఉంటుంది. ఆపైన నీట్. మన రాష్ట్రంలో 2017 నుండి వైద్య, దంతవైద్య ప్రవేశాలకు ఎంసెట్ స్థానంలో వచ్చిన అఖిలభారత పరీక్ష ఇది. మొత్తం 720 మార్కులు. అందులో సగం, అంటే 360, జీవశాస్త్రానికే. తక్కిన సగాన్ని భౌతిక, రసాయనశాస్త్రాలు పంచుకుంటాయి. సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ప్రశ్నపత్రాన్ని తెలుగులో కూడా కోరుకోవచ్చు. ఒకప్పుడు గరిష్ఠ వయోపరిమితి గురించి వివాదం ఉండేది. 2022లో దానిని తొలగించారు. ఇరవై ఎనిమిదేళ్లు అడ్డంకి కాదని తెలిసినప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది.

బి.డి.యస్. కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. రాష్ట్రంలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు విజయవాడలోను, కడపలోను ఉన్నాయి. కర్నూలులో ఉన్నది ప్రైవేటు కళాశాల. ప్రవేశాలను విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ప్రభుత్వ సీటుకు, కన్వీనరు కోటా సీటుకు, యాజమాన్య కోటా సీటుకు ఫీజులలో ఉన్న అంతరం చాలా పెద్దది. ఏటా మారే ఆ అంకెలను ఆ సంవత్సరపు ప్రకటనలోనే చూసుకోవాలి. ఎవరో చెప్పిన లెక్కను నమ్మి ఇల్లు కదలకూడదు. నా మాట నమ్మిన ఫలితం ఇప్పటికే చెప్పాను.

ఒక వేసవి సాయంత్రం ఆమె ఒక పాత నోటుపుస్తకం తెచ్చి లెక్కలు వేసింది. ఐదేళ్లు జీతం ఉండదు. ఇప్పుడు ఆ జీతంతోనే తమ్ముని చదువు, అమ్మ మందులు నడుస్తున్నాయి. తండ్రి పేర ఉన్న నాలుగెకరాల చేను తాకట్టు పెడతానని ఆయనే ముందుకు వచ్చాడు. ఆమె ఒప్పుకోలేదు. వానలేని ఏడు వచ్చి, ఆ అప్పు తీరక, చేను చేజారితే తాను ఎన్ని పళ్లు బాగుచేసినా తండ్రి ముఖం చూడలేనన్నది. పుస్తకంలో రెండు గీతలు గీసింది. ప్రభుత్వ సీటు గాని, కన్వీనరు కోటా సీటు గాని వస్తే చేరడం మొదటిది. యాజమాన్య కోటా సీటు ఎవరు ఇప్పిస్తామన్నా వద్దనడం రెండవది. పరీక్ష రెండుసార్లే రాస్తుందట. మూడవసారి అనే మాట లేదు. ఇంత కఠినమైన హద్దు ఎందుకని అడిగితే, ఆసుపత్రిలో మందుకు కూడా మోతాదు ఉంటుంది కదా సార్ అన్నది.

ఆ రెండూ ఫలించకపోతే ఏమి చేయాలో కూడా అదే పుటలో రాసుకున్నది. ఎం.యస్సి. నర్సింగులో సామాజిక ఆరోగ్యం ప్రధానంగా చదవవచ్చు. బి.యస్సి. నర్సింగు చదివినవారు గ్రామీణ ఆరోగ్య కేంద్రాలలో బాధ్యత వహించే ఉద్యోగాలు ఉన్నాయి. అక్కడ నోటి పరీక్ష కూడా వారి పనిలో భాగం. పొగాకు నమిలేవారి బుగ్గలోని తెల్లమచ్చను, మానని పుండును సకాలంలో గుర్తించి పెద్దాసుపత్రికి పంపితే ఒక ప్రాణం నిలుస్తుంది. ఇది దంతవైద్యురాలు కాకపోయినా చేయగలిగిన పని. నా ఉద్దేశంలో ఆమె పథకంలో అన్నిటికన్నా గట్టి భాగం ఇదే. మన పిల్లలు తరచుగా ఒకే తలుపు ముందు నిలబడి, అది తెరుచుకోకపోతే గోడకు తల కొట్టుకుంటారు.

మరి ఆరేళ్ల నర్సు ఉద్యోగం వ్యర్థమైనట్లేనా? చరకుని పట్టికను ఇక్కడ మళ్లీ తెరవాలి. దక్షత ఆమెకు ఉన్నది. వణకని చేయి, సూది గుచ్చే ముందు రోగి కళ్లలోకి చూసే అలవాటు ఒక్కరోజులో రావు. పంటికి మత్తు సూది వేయడం కూడా సూది వేయడమే. శుచిత్వం ఉన్నది. పరికరాలను ఆవిరి ఒత్తిడిలో శుద్ధిచేయడం, ఒక రోగి రక్తం మరొక రోగిని తాకకుండా కాపాడటం ఆమెకు నిత్యకృత్యం. దంతవైద్యంలో అది ప్రాణప్రదమైన విషయం. మొదటి సంవత్సరంలో వచ్చే శరీర నిర్మాణం, శరీరధర్మం, జీవరసాయనం ఆమెకు పూర్తిగా కొత్తవి కావు. ఇక మిగిలింది శాస్త్రజ్ఞానం, అనేక పర్యాయాలు చికిత్స చూసిన అనుభవం. ఆ ఐదేళ్లూ అందుకే. అనురాగాన్ని మాత్రం చరకుడు పరిచారకుని పట్టికలోనే ఉంచాడు, వైద్యుని పట్టికలో చేర్చలేదు. వైద్యుడు వేరుగా చూపవలసిన దయ గురించి ఆ గ్రంథమే మరొకచోట చెబుతుంది గాని, ఈ పట్టిక వరకు చూస్తే, నర్సు వైద్యురాలైతే వైద్యుని నాలుగు గుణాలకు ఐదవది ఒకటి వెంట తీసుకొని పోతుంది.

దంతవైద్యం మన పూర్వులకు తెలియని విద్య కాదు. సుశ్రుతుడు ముఖరోగాలను అరవై అయిదుగా లెక్కించి, వాటిలో చిగుళ్ల వ్యాధులకు, దంతాల వ్యాధులకు వేరువేరు స్థానాలు ఇచ్చాడు. పలుదోము పుల్లలలో చేదువాటిలో వేపను, కారపువాటిలో కానుగను మేలైనవిగా చెప్పాడు. మా సీమలో ఇప్పటికీ చేను గట్టున నిలబడి కానుగపుల్ల నమిలే పెద్దలు ఈ శ్లోకాలు వినకుండానే ఆ మాట పాటిస్తున్నారు. ఆధునిక పద్ధతిలో మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ ఆర్. అహ్మద్ స్థాపించారు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది.

వృత్తి మార్చుకోవడం తెలుగువారికి వింతేమీ కాదు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చింది కంపెనీ ఉద్యోగిగా. ఆ ఊళ్లోనే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు ఎత్తిరాయించాడు. చివరికి లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. అయితే ఆయన జీతం వదులుకోకుండానే ఈ పని మొదలుపెట్టాడని ఆమెకు గుర్తుచేశాను. ఆమె కూడా అదే పని చేస్తున్నది. ఉద్యోగం మానలేదు. రాత్రి డ్యూటీ ఉన్న వారంలో పగలు నాలుగు గంటల నిద్ర, రెండు గంటల చదువు. పగటి డ్యూటీ ఉన్న వారంలో తెల్లవారుజామున మూడు గంటలు. జీవశాస్త్రం సులువుగానే సాగుతున్నది. భౌతికశాస్త్రమే మొండికేస్తున్నది. పదేళ్ల కిందట వదిలేసిన లెక్కలు అవి.

మే నెలలో ఆమె మొదటి పరీక్ష. వాళ్లమ్మ ఇప్పటికీ పూర్తిగా సమ్మతించలేదు. “నర్సమ్మ అని ఊరంతా గౌరవిస్తాంటే మళ్లా పిల్లోళ్లతో బెంచీలో కూచునేదేంది?” అని ఫోనులో నన్నే అడిగింది. రెండుసార్లే రాస్తుంది లేమ్మా అన్నాను. ఆదివారాలు ఆమె పాత తెలుగు అకాడమీ భౌతికశాస్త్రం పుస్తకం చంకలో పెట్టుకొని బస్సు దిగుతుంది. నేరుగా మా ఇంటికి రాదు. రెండు వీధుల అవతల ఉన్న మా కళాశాల భౌతికశాస్త్ర ఉపన్యాసకుని ఇంటికి వెళ్లి, లెక్కలు తేలిన తరువాత, మజ్జిగ తాగడానికి మాత్రం మా వరండాకు వస్తుంది.