అవగాహన: ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకరికే నిమ్ము ఎందుకు?

నేపథ్యం
భీమ్‌గల్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. చాటలో తునికాకు, తంబాకు; పక్కనే పసిపిల్లలు. ఆ దుమ్ము, పొయ్యి పొగ ఇద్దరు పిల్లలకూ ఒకటే. అయినా ఒకరికి జలుబుతో పోతుంది, ఇంకొకరు డొక్కలెగరేస్తారు. ఈ తేడాలో కొంత వాటా రోగనిరోధక జన్యువులది.

1988లో డెన్మార్క్‌లో దత్తత పిల్లలపై ఒక అధ్యయనం వెలువడింది. కన్నవారిలో ఒకరు 50 ఏళ్లలోపే ఇన్ఫెక్షన్‌తో చనిపోతే, వేరే ఇంట పెరిగిన బిడ్డకూ అలాంటి మరణ ముప్పు 5 రెట్లకు పైగా ఉందని తేలింది.

అరుదైన లోపాలు
బ్యాక్టీరియాను టోల్-లైక్ గ్రాహకాలు పసిగడతాయి. ఆ కబురును కణం లోపలికి చేరవేసేవి ఐఆర్‌ఏకే4, ఎంవైడీ88 ప్రొటీన్లు. వీటిలో ఒకదాని జన్యువు రెండు ప్రతులూ చెడితే చిన్నతనంలో నిమ్ము తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియా పదేపదే దాడి చేస్తుంది. పైగా జ్వరం ఆలస్యంగా వస్తుంది. ఒళ్లు కాలడం లేదు కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకునే ప్రమాదం ఉంది.

ఇవి అంతర్గత (రిసెసివ్) లోపాలు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం 25 శాతం. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ లెక్క ముఖ్యం: మేనబావ-మరదలు పెళ్లిలో అంతఃప్రజనన గుణకం 1/16, మేనమామ-మేనకోడలు పెళ్లిలో 1/8.

బీటీకే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. దాని లోపం దాదాపుగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. ఆ లోపంతో వచ్చే యాంటీబాడీల లేమి వ్యాధిని 1952లో వైద్యుడు బ్రూటన్ వర్ణించారు.

సాధారణ తేడాలు
10వ క్రోమోజోమ్‌పై ఉన్న ఎంబీఎల్2 జన్యువులో 52, 54, 57 కోడాన్ల మార్పులు ప్రసిద్ధం. దీని ప్రొటీన్ సూక్ష్మజీవి పైనున్న చక్కెరలకు అతుక్కుని కాంప్లిమెంట్ వ్యవస్థను మేల్కొలుపుతుంది. ఇది తక్కువున్నవారిలో చాలామంది ఆరోగ్యంగానే బతికేస్తారు. అలాంటి మార్పును పట్టుకుని 'న్యుమోనియా జన్యువు' అనడం అతిశయోక్తే.

కొవిడ్ పాఠం
తీవ్ర కొవిడ్‌తో ముడిపడిన 3వ క్రోమోజోమ్ ముక్క నియాండర్తల్ వారసత్వమని 2020లో పరిశోధకులు జెబెర్గ్, పాబో చూపారు. దక్షిణాసియాలో దాదాపు సగం మంది దీన్ని మోస్తున్నారు. ఐరోపాలో 16 శాతమే. కానీ ఐరోపావారిలో ముప్పు పెంచిన మార్పులు ఇక్కడ పెద్ద పాత్ర పోషించకపోవచ్చని 2021లో హైదరాబాద్ సీసీఎంబీ బృందం తేల్చింది. ఒక జనాభా ఫలితాన్ని మరో జనాభాకు అంటగట్టే ప్రకటనలను అనుమానించండి.

గుర్తుంచుకోండి
నిమ్ముపై కేంద్రం 'సాన్స్' ప్రచారాన్ని 2019లో మొదలుపెట్టింది. న్యూమోకాకస్‌ను అడ్డుకునే పీసీవీ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి 2017లో కొన్ని రాష్ట్రాలతో వచ్చి, 2021లో దేశమంతటికీ విస్తరించింది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు వేస్తారు. వేగ శ్వాస అంటే నిమిషానికి 2-12 నెలల్లో 50, 1-5 ఏళ్లలో 40 లేదా అంతకు మించి.

'పీసీవీ అందరిలోనూ ఒకేలా పనిచేస్తుంది' అన్న వాక్యం తప్పు. బీటీకే లోపమున్న పిల్లల్లో యాంటీబాడీలు సరిగా తయారు కావు. వాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి.