చదువు అప్పుకు సర్కారు పూచీ – ఆ పూచీ ఎవరికి?



ఇంటర్ ఫలితాలు వచ్చాక మా ఆసుపత్రి ఓపీ దగ్గర వినిపించే మాటలు మారిపోతాయి. "అమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది", "బాబు ఫిజియోథెరపీ అంటున్నాడు", "ఫార్మసీ చదువుకు బ్యాంకు లోను ఇస్తుందా?" అని రోగులతో వచ్చినవారు, సంఘ కుటుంబాలవారు మమ్మల్ని అడుగుతుంటారు. గనుక ఈ సంచికలో జబ్బుల సంగతి కాస్త పక్కనపెట్టి, ఆరోగ్య వృత్తుల చదువుకు ప్రభుత్వ పూచీతో దొరికే బ్యాంకు అప్పు గురించి తెలుసుకుందాం.

నిజానికి ఇది ఆరోగ్యానికి దూరమైన సంగతి కాదు. కొంతకాలం క్రితం ఒక తల్లి బీపీ బాగా పెరిగి మా దగ్గరికి వచ్చింది. మూడు నెలలుగా మాత్రలు మానేసిందని తెలిసింది. "ఎందుకు మానేశావమ్మా?" అని అడిగితే చేతిసంచిలోంచి బ్యాంకు నోటీసు తీసి చూపించింది. కూతురి నర్సింగు చదువుకు తీసుకున్న లోను కిస్తీలు ఆగిపోయాయట. మాత్రలకు పెట్టే డబ్బు కూడా దానికే దాస్తోంది. "గవర్నమెంటు హామీ ఉన్న లోను అన్నారు కదా సిస్టరమ్మా! మేము కట్టలేకపోతే గవర్నమెంటే కడుతుందనుకున్నాం" అంది.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ మాటలో ఉన్న పొరపాటు వివరించడానికే ఎక్కువసేపు పట్టింది. ఈ పాఠం ఆ పొరపాటు గురించే.

పూచీ అంటే ఏమిటి?

పూర్వం బ్యాంకులు పెద్ద చదువు లోనుకు పొలం కాగితాలో, ఇంటి కాగితాలో, ఉద్యోగస్థుని జామీనో అడిగేవి. అవి లేనివారి పిల్లలకు సీటు వచ్చినా చదువు దక్కేది కాదు. ఈ ఇబ్బంది తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2015లో చదువు లోనుల కోసం ఒక క్రెడిట్ గ్యారంటీ నిధిని ఏర్పాటు చేసింది. 7.5 లక్షల రూపాయల వరకు తాకట్టు గాని, మూడో మనిషి జామీను గాని లేకుండా బ్యాంకు ఇచ్చిన లోనుకు ఈ నిధి పూచీ ఉంటుంది. లోను మొండి బాకీ అయితే, ఎగవేతకు గురైన మొత్తంలో 75 శాతం నిధి బ్యాంకుకు ఇస్తుంది.

ఇక్కడే జాగ్రత్తగా గమనించాలి. నిధి డబ్బు ఇచ్చేది బ్యాంకుకు. మన అప్పు రద్దు కాదు. బ్యాంకు మన దగ్గర వసూలు చేసే పని కొనసాగిస్తూనే ఉంటుంది. అంటే ఈ పూచీ మనకు బ్యాంకు తలుపు తెరుస్తుంది గాని, అప్పు తీర్చదు. ఆస్తి లేని కుటుంబానికి ఆ తలుపు తెరుచుకోవడమే పెద్ద మేలు. దాన్ని మేలుగానే తీసుకుందాం, మాఫీ అనుకోవద్దు.

ఇంకొక మాట. జామీను అక్కర్లేదంటే తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదని కాదు. తండ్రి గాని తల్లి గాని విద్యార్థితో కలిసి సంతకం చేస్తారు. అప్పు ఇద్దరి పేరునా ఉంటుంది.

అమెరికాలో ఏమి జరిగింది?

ఈ పొరపాటు మన ఊళ్లలో మాత్రమే జరిగేది కాదు. అమెరికాలో ఆరోగ్య వృత్తుల చదువుల కోసమే హీల్ అనే లోను పథకం ఒకటి ఉండేది. 1978 నుండి 1998 వరకు వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, ప్రజారోగ్యం మొదలైనవి చదివే విద్యార్థులకు ఆ లోనులు ఇచ్చారు. అప్పు ఇచ్చేవి బ్యాంకులు, బీమా ఇచ్చేది ప్రభుత్వం. బీమా ప్రీమియం మాత్రం విద్యార్థి మీదే పడేది. అంటే ప్రీమియం భారం విద్యార్థిది, రక్షణ బ్యాంకుది!

చదువుకునే కాలంలోను, ఆ తర్వాత ఆసుపత్రి శిక్షణ కాలంలోను కిస్తీలు వాయిదా వేసుకునే వీలుండేది. కాని వడ్డీ ఆగేది కాదు. అది అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడేది. ఎగవేసినవారి అప్పు ప్రభుత్వం బ్యాంకుకు చెల్లించి, తానే అప్పులవాడై కూర్చునేది. వారి పేర్లు బహిరంగంగా ప్రకటించారు. వృద్ధుల వైద్యానికి ప్రభుత్వం డబ్బు చెల్లించే మెడికేర్ పథకం నుండి వారిని తప్పించారు. ఒక వైద్యునికి అది జీవనాధారం మీద దెబ్బే. 1998 తర్వాత కొత్త విద్యార్థులకు ఈ లోను ఇవ్వలేదు. కాని పాత బాకీల వసూలు ఆగలేదు. 2014లో ఆ పని అక్కడి విద్యాశాఖకు అప్పగించారు. పథకం ముగిసినా అప్పు ముగియలేదన్నమాట.

లెక్క వేసి చూద్దాం

మన దేశంలో సాధారణంగా కోర్సు పూర్తయ్యాక మరొక సంవత్సరం వరకు కిస్తీలు మొదలుకావు. ఈ విరామ కాలంలో కూడా వడ్డీ నడుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి.

బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్లు. ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. విరామం ముగిసేసరికి మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ 50,000, రెండో లక్షకు 40,000, మూడో లక్షకు 30,000, నాలుగో లక్షకు 20,000. మొత్తం వడ్డీ 1,40,000. అంటే మొదటి కిస్తీ కట్టే రోజుకు బాకీ 5,40,000.

– ఆ బాకీని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,140 రూపాయలు. చివరికి కట్టేది సుమారు 8,56,000.
– పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,800. చివరికి కట్టేది సుమారు 10,44,000.
– చదువుతుండగానే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే, తర్వాత పదేళ్ల కిస్తీ నెలకు దాదాపు 5,290 మాత్రమే. ముందు కట్టిన వడ్డీతో కలిపినా మొత్తం సుమారు 7,74,000.

మొదటి సంవత్సరం ఆ వడ్డీ నెలకు 833 రూపాయలే. నాలుగో సంవత్సరానికి 3,333 అవుతుంది. అంతా కట్టలేకపోయినా, కట్టగలిగినంత కట్టడం మంచిది.

వడ్డీ రాయితీ ఎవరికి?

తల్లిదండ్రుల సంవత్సర ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, విరామ కాలపు వడ్డీ మొత్తం కేంద్రమే భరించే పథకం 2009-10 నుండి ఉంది. వృత్తి విద్యా కోర్సులకే ఇది వర్తిస్తుంది. కాలేజీకి, కోర్సుకు గుర్తింపు షరతులున్నాయి. చదువు మధ్యలో మానేస్తే రాయితీ పోతుంది. అనారోగ్య కారణాలకు మినహాయింపు ఉంది. పై ఉదాహరణలో ఈ రాయితీ దొరికితే 1,40,000 రూపాయల భారం తప్పుతుంది.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. ఎంపికైన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, జామీను లేకుండా లోను, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే పది లక్షల వరకు లోను మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇందులో ఉన్నాయి. రాయితీ ఏటా లక్షమంది విద్యార్థులకు పరిమితం. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో సీటు ఖాయం చేసుకునే ముందే చూసుకోండి.

బ్యాంకుకు వెళ్లే ముందు

1. కాలేజీకి, కోర్సుకు సంబంధిత కౌన్సిల్ గుర్తింపు ఉందా అని విచారించండి. గుర్తింపు లేని చదువుకు తెచ్చిన అప్పు ఉద్యోగం ఇవ్వదు, కిస్తీ మాత్రం అడుగుతుంది.
2. సీటు మేనేజ్‌మెంట్ కోటాదైతే లోను, రాయితీ వర్తిస్తాయా అని ముందే అడగండి.
3. ఆదాయ ధృవపత్రం సిద్ధం చేసుకొని, "వడ్డీ రాయితీకి నా పేరు నమోదు చేశారా?" అని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.
4. "మీ ఇల్లు మా బ్రాంచి పరిధిలో లేదు" అని చదువు లోను నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2012లో చెప్పింది. లోను ఇవ్వకపోతే కారణం రాసి ఇమ్మనండి.
5. విద్యార్థి పేర జీవిత బీమా గురించి అడగండి. ప్రభుత్వ పూచీ వేరు, జీవిత బీమా వేరు. బిడ్డకు జరగరానిది జరిగితే కుటుంబానికి అండగా ఉండేది రెండోది.
6. ఆ చదువు ముగించినవారికి మన ప్రాంతంలో మొదటి జీతం ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురిని అడిగి, కిస్తీతో పోల్చి చూడండి.

కిస్తీ కట్టలేని పరిస్థితి వస్తే

దాక్కోవద్దు. బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు లెక్కల్లో అది మొండి బాకీ అవుతుంది. విద్యార్థికీ, కలిసి సంతకం చేసిన తల్లిదండ్రులకూ మచ్చ పడుతుంది. ఆ లోపే బ్యాంకుకు వెళ్లి, జీతం కాగితం చూపించి, గడువు పెంచమని అడగండి. ఉద్యోగం లేని కాలానికి కొంత విరామం ఇచ్చే వీలు బ్యాంకుల సంఘం నమూనా పథకంలోనే ఉంది. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు.

మేము మొదట చెప్పిన తల్లి కూడా కూతురిని వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్లింది. అప్పు తగ్గలేదు. గడువు పెరిగి నెల కిస్తీ కొంత తగ్గింది. కూతురి జీతంలోంచి అది కట్టగలుగుతున్నారు. ఆమె ఇప్పుడు నెలనెలా వచ్చి బీపీ చూపించుకొని మాత్రలు తీసుకెళ్తోంది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి

– మనం సంతకం చేయబోయే కాగితంలో మొత్తం అప్పు ఎంత, వడ్డీ ఎంత, మొదటి కిస్తీ ఏ నెలలో?
– మొదటి ఏడాది ఉద్యోగం రాకపోతే కిస్తీ ఎవరు కడతారు?
– చదువుతుండగా నెలకు ఎంత వడ్డీ కట్టగలం?

ఈ మూడింటికీ జవాబులు దొరికాక సంతకం చేయండి. అర్థం కాని కాగితం ఏదైనా ఉంటే, ఓపీకి వచ్చినప్పుడు వెంట తెచ్చుకోండి, కలిసి చదువుదాం. డబ్బు ఇబ్బంది వల్ల మందులు మానేసినవారు ఉంటే ఆ మాట మాత్రం మా దగ్గర దాచవద్దు.